ప్రాణం నిలిపే విద్య: నేర్వడం, మరవడం, మళ్ళీ నేర్వడం

రావణుని శక్తి దెబ్బకు లక్ష్మణుడు నేలకొరిగినప్పుడు, సుషేణుడు చెప్పిన మూలికల కోసం హనుమంతుడు ఓషధీ పర్వతానికి వెళ్ళాడు. తీరా వెళ్ళాక ఏ మొక్క ఏదో గుర్తుపట్టలేకపోయాడు. వెనక్కు వచ్చి అడిగి తెలుసుకునే వ్యవధి లేదు. అందుకని కొండ శిఖరాన్నే పెకలించి తెచ్చాడు. ఈ కథ విన్నప్పుడల్లా మనం హనుమంతుని బలాన్ని మెచ్చుకుంటాం. అందులో మరొక నీతి కూడా ఉంది. ప్రాణం పోతున్న సమయంలో మందు ఉన్నదా లేదా అన్నది ఒక్కటే ప్రశ్న కాదు. ఆ మందు ఏదో ఆ క్షణాన గుర్తుకు వస్తుందా అన్నది అసలు ప్రశ్న.

మనలో ఎవరికీ కొండలు మోసే బలం లేదు. ఇంట్లోనో, గుళ్ళోనో, టెన్నిస్ ఆటస్థలంలోనో మన ఎదుట ఒక మనిషి హఠాత్తుగా కుప్పకూలితే మన దగ్గర ఉండేవి రెండు చేతులు, నాలుగైదు నిమిషాల కాలం మాత్రమే. ఆ రెండు చేతులతో చెయ్యదగిన పనినే అందరూ సి.పి.ఆర్. అంటున్నారు. ఆగిపోయిన గుండెకు బదులుగా ఛాతీని అదిమి రక్తాన్ని నడిపించడం, ఆగిపోయిన ఊపిరికి బదులుగా మన ఊపిరిని ఇవ్వడం దాని సారాంశం.

అమెరికాలో ఏటా మూడున్నర లక్షల మందికి పైగా ఆసుపత్రి బయట గుండె ఆగి పడిపోతున్నారు. వారిలో పదింట ఏడుగురు పడిపోయేది సొంత ఇంట్లోనే. బ్రతికి బయటపడేవారు పదిమందిలో ఒక్కరు మాత్రమే. ఎవరూ చెయ్యి వెయ్యకుండా గడచిన ప్రతి నిమిషానికీ బ్రతికే అవకాశం నూటికి 7 నుంచి 10 వంతుల చొప్పున తరిగిపోతుంది.

ఈ విద్య చరిత్ర చదివితే ఒక విచిత్రం కనబడుతుంది. ఇది ఒకసారి కనిపెట్టినది కాదు. కనిపెట్టారు, మరచిపోయారు, మళ్ళీ కనిపెట్టారు. శాస్త్రవేత్తల లోకం ఎలా మరచిందో, ఒక పూట శిక్షణ పొందిన సామాన్యుని చెయ్యి కూడా అలాగే మరచిపోతున్నది. కనుక ఇది ఒక చికిత్స పుట్టుక కథ మాత్రమే కాదు. మరపుతో మానవుడు చేస్తున్న పోరాటం కథ కూడా.

మంత్రసానులు మరువని విద్య

1732లో స్కాట్లండులోని అల్లోవా పట్టణం దగ్గర బొగ్గు గనిలో పొగకు ఉక్కిరిబిక్కిరై పడిపోయిన ఒక పనివాణ్ణి పైకి తెచ్చారు. నాడి లేదు, ఊపిరి లేదు. విలియం టోసాక్ అనే శస్త్రవైద్యుడు అతని నోటిలో నోరు పెట్టి గట్టిగా ఊదాడు. కొంతసేపటికి ఆ మనిషి లేచి కూర్చున్నాడు. ఈ సంగతిని టోసాక్ 1744లో అచ్చు వేయించాడు. ఆ కాలంలోనే ప్యారిస్‌లోని విజ్ఞాన పరిషత్తు కూడా నీట మునిగిన వారికి నోటితో ఊపిరి ఊదడమే తగిన పద్ధతి అని చెప్పింది.

కాలువలు ఎక్కువగా ఉన్న ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో 1767లో, నీట మునిగిన వారిని బ్రతికించడానికి ఒక సంఘమే వెలిసింది. 1774లో లండనులోనూ, 1786లో అమెరికాలోని మసాచుసెట్స్‌లోనూ అలాంటి సంఘాలు ఏర్పడ్డాయి. సామాన్యులకు ప్రాణరక్షణ నేర్పాలనే ఆలోచన అంత పాతది. అయితే ఆనాటి పద్ధతులన్నీ మంచివి కావు. మునిగిన వాణ్ణి పీపా మీద దొర్లించేవారు. గుర్రం మీద బోర్లా వేసి పరుగెత్తించేవారు. కొలిమితిత్తి వంటి సాధనంతో పొగాకు పొగను మలద్వారం గుండా ఎక్కించేవారు కూడా. ఇది నవ్వుకోవడానికి చెప్పడం లేదు. మంచి విద్యా, పనికిరాని విద్యా పక్కపక్కనే పెరిగాయని చెప్పడానికే.

తరువాతి వంద సంవత్సరాలలో మంచిదే మరుగున పడింది. ఎదుటివారి నోటిలో నోరు పెట్టడం అసహ్యమనీ, మనం విడిచిన గాలి చెడుగాలి గనుక దానితో ప్రయోజనం లేదనీ అనుకున్నారు. నోటికి బదులు కొలిమితిత్తులు వచ్చాయి. వాటి వల్ల ఊపిరితిత్తులు చెడతాయని తెలిసి, 19వ శతాబ్దంలో వాటినీ మానేశారు. ఆ తర్వాత చేతులు పైకెత్తి దించే పద్ధతులు, వీపు మీద నొక్కే పద్ధతులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1858 నాటి సిల్వెస్టర్ పద్ధతి, 1903 నాటి షేఫర్ పద్ధతి, 1932 నాటి హోల్గర్ నీల్సన్ పద్ధతి అటువంటివే. రెండు తరాల అమెరికన్ బాలురు స్కౌటు శిబిరాలలో వీటినే నేర్చుకున్నారు.

ఈ మరపు కాలమంతటా నోటితో ఊపిరి ఊదే విద్యను నిలబెట్టినవారు మంత్రసానులు. పుట్టగానే ఏడవని బిడ్డ నోటిలో ఊపిరి ఊదడం వారి చేతి వాడుకలో ఉన్న పని. పండితులు గ్రంథాలలో వ్రాసి మరచిపోయినదాన్ని వారు ఎందుకు మరవలేదు? మాటిమాటికీ చేయవలసి వచ్చింది గనుకనే అనుకోవాలి. ఈ ఒక్క సంగతిని పాఠకులు మనసులో ఉంచుకోవాలని మనవి. చివరకు మనం మళ్ళీ ఇక్కడికే రావాలి.

ఊపిరా, గుండెా? హైదరాబాదు పరీక్షలు

ఈ చరిత్రలో మన హైదరాబాదుకు కూడా ఒక పుట ఉంది. 19వ శతాబ్దం చివర శస్త్రచికిత్సలకు క్లోరోఫారం వాడేవారు. కొందరు రోగులు బల్ల మీదనే చనిపోయేవారు. ముందు ఆగేది ఊపిరా, గుండెా అన్నది పెద్ద వివాదం. హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ 1888లో ఒక పరిశోధక సంఘాన్ని ఏర్పరచి, ముందు ఆగేది ఊపిరే అని తేల్చాడు. లండనులోని 'లాన్సెట్' పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను ధనసహాయం చేయగా, లండను నుంచి లాడర్ బ్రంటన్ అనే ప్రముఖ వైద్యుడు హైదరాబాదుకు వచ్చాడు. 1889లో వందలాది జంతువుల మీద పరీక్షలు జరిగాయి. రెండవ సంఘమూ లారీ మాటనే బలపరచింది. క్లోరోఫారం ఇచ్చేటప్పుడు ఊపిరిని కనిపెట్టి ఉండమనీ, అది ఆగితే వెంటనే కృత్రిమ శ్వాస ఇవ్వమనీ హైదరాబాదు పాఠం.

ఆ పాఠంలో సగమే నిజం. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆంగ్ల వైద్యుడు, క్లోరోఫారం మత్తు తేలికగా ఉన్నప్పుడు గుండె లయ తప్పి కొట్టుకులాడి ముందుగానే ఆగిపోగలదని నిరూపించాడు. అంటే ఊపిరి ఒక్కదానినే చూసుకుంటే చాలదు, గుండెనూ చూసుకోవాలి. ఈ రెండు సగాలను ఒకచోట కలపడానికి మరో యాభై సంవత్సరాలు పట్టింది. అది జరిగింది అమెరికాలో, బాల్టిమోర్ నగరంలో.

బాల్టిమోర్‌లో రెండు సగాలూ కలిసిన వేళ

1946లో మినియాపొలిస్‌లో పోలియో చెలరేగింది. జేమ్స్ ఈలం అనే యువ వైద్యుడు ఆసుపత్రి వరండాలో నిలబడి ఉండగా, నీలిరంగుకు తిరిగిన ఒక బిడ్డను బండి మీద పరుగున తీసుకువస్తున్నారు. ఈలం బండిని ఆపి, బిడ్డ ముక్కు చుట్టూ తన పెదవులు బిగించి ఊదాడు. నాలుగు ఊపిరులకు బిడ్డ ఒంటికి రంగు వచ్చింది. అప్పుడే పుట్టిన శిశువులకు నోటితో ఊపిరి ఇచ్చేవారన్న సంగతిని ఆయన అంతకు కొద్దికాలం క్రితమే ఒక పుస్తకంలో చదివి ఉన్నాడట. మంత్రసానుల విద్య అలా మళ్ళీ వైద్యుల చేతికి వచ్చింది. మనం విడిచే గాలిలో మరొకరిని బ్రతికించడానికి చాలినంత ప్రాణవాయువు ఉందని 1954లో ఆయన లెక్కలతో చూపించాడు.

1956లో కాన్సస్ సిటీలో జరిగిన మత్తుమందు వైద్యుల సభలో ఈలంకు పీటర్ సాఫర్ పరిచయమయ్యాడు. సాఫర్ వియన్నాలో పుట్టి అమెరికాకు వలస వచ్చిన వైద్యుడు. తిరుగు ప్రయాణంలో ఇద్దరూ ఒకే కారులో వచ్చారు. దారి పొడుగునా ఇదే చర్చ. ఇల్లు చేరగానే సాఫర్ బాల్టిమోర్ సిటీ ఆసుపత్రిలో పరీక్షలు మొదలుపెట్టాడు. ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద సేవకులకు మత్తు ఇచ్చి, కండరాలు కదలకుండా మందు ఇచ్చి, వైద్యం తెలియని మామూలు మనుషుల చేత వారికి ఊపిరి ఊదించాడు. వీపు నొక్కే పాత పద్ధతుల కంటే నోటి ఊపిరి ఎంతో మేలైనదని తేలింది. తల వెనక్కు వంచి గడ్డం పైకెత్తితేనే గాలి దారి తెరుచుకుంటుందని కూడా తేలింది. పరీక్షలో వైద్యుల కంటే సామాన్యులు ఏమీ తీసిపోలేదన్నది గమనించదగిన విషయం.

అదే నగరంలో, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో, రెండవ సగం బయటపడింది. విలియం కూవెన్‌హోవెన్ వైద్యుడు కాదు, విద్యుత్ ఇంజనీరు. తీగల మీద పనిచేసే కార్మికులు కరెంటు తగిలి చనిపోతూ ఉంటే, వారి గుండెను మళ్ళీ దారికి తెచ్చే యంత్రం కోసం ఆయన ఏళ్ళ తరబడి శ్రమించాడు. 1958లో ఆయన శిష్యుడు గై నికర్‌బాకర్ ఒక వింత గమనించాడు. కుక్క ఛాతీ మీద బరువైన విద్యుత్ పలకలను గట్టిగా అదిమినప్పుడు, కరెంటు ఇవ్వకముందే రక్తపు ఒత్తిడి కాస్త పెరుగుతున్నది! ఛాతీని తెరవకుండానే, పై నుంచి అదిమితే రక్తం నడుస్తుందన్నమాట. శస్త్రవైద్యుడు జేమ్స్ జూడ్ దీన్ని రోగులకు ఉపయోగించాడు. 1960 జూలైలో ముగ్గురూ కలిసి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో 20 మంది రోగుల సంగతి ప్రకటించారు. వారిలో 14 మంది బ్రతికారు. ఈ పనికి రెండు చేతులు తప్ప మరేమీ అక్కరలేదనీ, ఎవరైనా, ఎక్కడైనా మొదలుపెట్టవచ్చుననీ వారు అందులో అన్నారు.

ఇక్కడ కూడా మరపు కథే ఉంది. 1891లోనే జర్మనీలోని గోటింగెన్‌లో ఫ్రెడ్రిక్ మాస్ అనే వైద్యుడు ఇలాగే ఛాతీని వేగంగా అదిమి రోగులను బ్రతికించాడు. అచ్చు కూడా వేయించాడు. దాదాపు డెబ్బై సంవత్సరాలు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అచ్చులో ఉన్న విద్య చేతిలోకి రాకపోతే గతి అంతే.

బొమ్మల వర్తకుడు చేసిన మేలు

ఇది కంటితో చూసి నేర్చుకునే విద్య కాదు. గట్టున కూర్చుని ఈత నేర్చుకోలేనట్టే, ఛాతీ మీద చెయ్యి వెయ్యకుండా ఇది రాదు. పోనీ, బ్రతికున్న మనిషి ఛాతీ మీద అభ్యాసం చెయ్యవచ్చునా అంటే, అది ప్రమాదకరం. మరి ఎలా?

ఈ చిక్కు ముడి విప్పినవాడు నార్వే దేశంలోని స్టవాంగర్ పట్టణంలో పిల్లల ఆటబొమ్మలు చేసే ఆస్మండ్ లేర్డాల్. నీటిలో మునిగిన తన పసికొడుకును స్వయంగా బ్రతికించుకున్న తండ్రి ఆయన. మత్తుమందు వైద్యుడు బియోర్న్ లిండ్ ద్వారా సాఫర్ పరిశోధనలు తెలుసుకుని, నోటితో ఊపిరి ఊదితే ఛాతీ పొంగే నిలువెత్తు బొమ్మను తయారుచేశాడు. ఛాతీ అదిమే అభ్యాసానికి లోపల స్ప్రింగు పెట్టమని సాఫర్ సలహా ఇచ్చాడు. 1960 నాటికి ఆ బొమ్మ లోకంలోకి వచ్చింది. దానికి 'ఆన్' అని పేరు పెట్టారు. 19వ శతాబ్దం చివర ప్యారిస్‌లో సీన్ నదిలో దొరికిన అనామిక యువతిది అని చెప్పుకునే ఒక ముఖపు అచ్చు నుంచి ఆ బొమ్మకు ముఖం ఇచ్చారు. ఎవరూ రక్షించలేకపోయిన ఆ పిల్ల ముఖం మీదనే కోట్లాది మంది రక్షించడం నేర్చుకున్నారు.

ఎవరికి నేర్పాలి?

విద్య దొరికింది, బొమ్మ దొరికింది. ఎవరికి నేర్పాలన్న దగ్గర మళ్ళీ సందేహం వచ్చింది. సామాన్యుల చేతిలో పెడితే పక్కటెముకలు విరుస్తారని వైద్యలోకం భయపడింది. 1966లో అమెరికా జాతీయ పరిశోధక మండలి జరిపిన సదస్సు, వైద్యులకూ, నర్సులకూ, ఆ రంగంలో పనిచేసే వారికీ మాత్రమే ఛాతీ అదమడం నేర్పాలని చెప్పింది.

అదే సంవత్సరం సాఫర్ ఇంట ఘోరం జరిగింది. ఆయన పదకొండేళ్ళ కుమార్తె ఉబ్బసంతో కుప్పకూలింది. ఆసుపత్రిలో గుండెా, ఊపిరీ తిరిగి వచ్చాయి కాని, అప్పటికే మెదడు దెబ్బతిన్నది. బిడ్డ దక్కలేదు. ఆసుపత్రికి చేరేలోపు జరగవలసినది జరగకపోతే ఎంత గొప్ప వైద్యమైనా చెయ్యగలిగింది లేదన్న సంగతి ఆ తండ్రికి తెలిసినట్లు మరెవరికీ తెలియదు. అప్పటికి ఆయన పిట్స్‌బర్గ్‌లో ఉన్నాడు. మన వారందరూ పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి కోవెలకు వెళ్ళే ఊరే అది. ఆ ఊరి హిల్ డిస్ట్రిక్ట్ అనే పేద నల్లవారి పేటలో 1967లో 'ఫ్రీడమ్ హౌస్' అంబులెన్స్ సేవ మొదలైంది. ఉద్యోగాలు లేని, కొందరైతే హైస్కూలు చదువు కూడా పూర్తికాని నల్లజాతి యువకులను తీసుకుని సాఫర్ వారికి కఠినమైన శిక్షణ ఇప్పించాడు. అంతవరకు రోగులను పోలీసు బండ్లలో పడవేసి తీసుకువెళ్ళే ఆ నగరంలో వీరు వీధిలోనే ప్రాణం నిలిపారు. 1975లో నగరం సొంత సేవ ప్రారంభించడంతో ఫ్రీడమ్ హౌస్ మూతపడింది. అందులోని చాలామందికి తగిన గుర్తింపు రాలేదు. కానీ డిగ్రీలు లేనివారు కూడా ఈ విద్యలో నిష్ణాతులు కాగలరని వారు ఋజువు చేశారు.

పడమటి తీరాన సియాటిల్‌లో లెనార్డ్ కాబ్ అనే హృద్రోగ వైద్యుడు, అగ్నిమాపక దళాధిపతి గోర్డన్ వికరీ కలిసి మరొక అడుగు వేశారు. ఎంత వేగంగా బండి పంపినా నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఆ లోపల పక్కన ఉన్నవారే పూనుకోవాలి. అందుకని 1970ల మొదట్లో 'మెడిక్ 2' అనే పేరుతో ఊరి జనానికి సామూహికంగా సి.పి.ఆర్. నేర్పడం మొదలుపెట్టారు. మొదటి రెండేళ్ళలోనే లక్ష మందికి పైగా నేర్చుకున్నారు. ఆ ఫలితాలు దేశమంతా చూసింది. 1973లో జరిగిన రెండవ జాతీయ సదస్సు, సామాన్య ప్రజలందరికీ నేర్పవలసినదే అని అభిప్రాయం మార్చుకుంది. ఆ ప్రమాణాలు 1974లో అచ్చయ్యాయి. నేడు దాదాపు నలభై రాష్ట్రాలలో హైస్కూలు పూర్తి చేసే లోపు పిల్లలకు ఈ శిక్షణ ఇవ్వాలనే నియమం ఉంది.

ఎంత త్వరగా మరచిపోతాం?

లక్షలాది మందికి నేర్పిన తర్వాత అసలు చిక్కు బయటపడింది. నేర్చుకున్నవారిని కొన్ని నెలల తర్వాత మళ్ళీ బొమ్మ ముందు కూర్చోబెడితే తడబడుతున్నారు. 1979లోనే అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన, ఎంత త్వరగా మరచిపోతారో అన్న మాటను శీర్షికలోనే పెట్టింది. తరువాత ఎన్నో దేశాలలో జరిగిన పరీక్షలు అదే చెప్పాయి. మూడు నుంచి ఆరు నెలలలో చేతి నేర్పు చాలావరకు జారిపోతుంది. వైద్యులూ, నర్సులూ దీనికి మినహాయింపు కారు. అయినా శిక్షణ పొందినట్లు ఇచ్చే కార్డు మాత్రం రెండేళ్ళు చెల్లుతుంది. కార్డు జేబులో ఉంటుంది, విద్య చేతిలో ఉండదు.

తప్పు నేర్చుకునేవారిదేనా? 1991లో విలియం కేయ్, ఆయన సహచరులు తరగతులను దగ్గర నుంచి పరిశీలించి, తప్పు బోధించేవారిలో ఉండవచ్చునని వ్రాశారు. ఉపాధ్యాయుడు ఎక్కువసేపు మాట్లాడుతున్నాడు. విద్యార్థికి బొమ్మ మీద దొరికే సమయం తక్కువ. చేసిన తప్పును దిద్దకుండానే బాగుందంటున్నాడు. మన సంగీతం గురువులను తలచుకుంటే ఇందులోని లోపం ఇట్టే అర్థమవుతుంది. సరళీ స్వరాల మీద ఉపన్యాసం ఇచ్చి, ఒక్కసారి పాడించి, సర్టిఫికెట్ ఇచ్చి పంపే గురువు ఎవరైనా ఉంటారా?

అందువల్ల నేర్పే పద్ధతే మారుతూ వచ్చింది. మొదటి మార్పు, పాఠాన్ని తేలిక చేయడం. 2000 సంవత్సరంలో సామాన్యులను నాడి వెదకమనడం మానేశారు. 2005లో పెద్దలకు 30 సార్లు అదిమి 2 ఊపిరులు ఇవ్వమన్నారు. 2008లో, అకస్మాత్తుగా పడిపోయిన పెద్దలకు ఊపిరి ఇవ్వడం రాకపోయినా, ఇష్టం లేకపోయినా, ఛాతీ అదిమితే చాలునని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ప్రకటించింది. గుర్తుంచుకోవలసినవి తగ్గితే గుర్తుండేవి పెరుగుతాయన్నది అందులోని యుక్తి. నీట మునిగిన వారికీ, పసిపిల్లలకూ మాత్రం ఊపిరి కూడా ముఖ్యమేనని మరువరాదు.

రెండవ మార్పు, చూస్తూనే చెయ్యడం. 2005లో గాలి ఊదుకునే చిన్న బొమ్మ, 22 నిమిషాల వీడియో కలిపి ఒక పెట్టెలో పెట్టి ఇంటింటికీ ఇచ్చే పద్ధతి వచ్చింది. వీడియోలోని మనిషి అదుముతూ ఉంటే మనమూ అదమాలి. మూడు నాలుగు గంటల తరగతికి ఈ అరగంట అభ్యాసం తీసిపోదని పరీక్షలలో తేలింది.

మూడవదీ, ముఖ్యమైనదీ, కొద్దికొద్దిగా మాటిమాటికీ చెయ్యడం. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో బొమ్మను చక్రాల బండి మీద పెట్టుకుని నర్సులు పనిచేసే చోటికే తీసుకువెళ్ళారు. అయిదు నిమిషాలు అభ్యాసం, మళ్ళీ పని. తక్కువ మోతాదు, ఎక్కువ సార్లు అన్న ఈ పద్ధతి మంచి ఫలితం ఇచ్చిందని 2011లో ప్రకటించారు. 2019లో అచ్చయిన మరొక పరీక్షలో కెనడా నర్సులను నాలుగు జట్లు చేశారు. ఏడాది చివర చూస్తే, నెలకొకసారి సాధన చేసిన వారిలో నూటికి 58 మంది చక్కగా చేశారు. మూడు నెలలకొకసారి చేసినవారిలో 26 మంది. ఆరు నెలలకైతే 21 మంది. ఏడాదికొకసారి అయితే 15 మంది మాత్రమే. మంత్రసానులు ఎందుకు మరవలేదో ఈ అంకెలు చెబుతున్నాయి.

ఫోనులో జాంబవంతుడు

మరచిపోయినా మార్గం ఉందని 1981లో సియాటిల్ చుట్టూ ఉన్న కింగ్ కౌంటీ చూపించింది. నేడు రెడ్మండ్, బెల్లెవ్యూలలో వేలాది తెలుగు కుటుంబాలు నివసించే కౌంటీయే అది. 911కు ఫోను చేసిన వారికి, అంబులెన్స్ వచ్చేదాకా లైను వదలకుండా, ఎలా అదమాలో ఆ ఉద్యోగే చెబుతూ చేయించే ఏర్పాటు అక్కడ మొదలైంది. తన శక్తిని తాను మరచి సముద్రతీరాన కూర్చున్న హనుమంతునికి జాంబవంతుడు జ్ఞాపకం చేసినట్లు, ఈ ఫోను గొంతు మనకు జ్ఞాపకం చేస్తుంది. ఇప్పుడు దేశంలో చాలాచోట్ల ఈ ఏర్పాటు ఉంది.

మన ఇళ్ళలో ఒక ఇబ్బంది ఉంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మా నాన్నలు పగలంతా ఒంటరిగా ఉంటారు. ఇంగ్లీషు రాదని 911కు ఫోను చెయ్యడానికి జంకుతారు. ముందుగా కొడుక్కో కూతురికో చేస్తారు. ఆ కొడుకు మీటింగులో ఉంటాడు. నిమిషాలు అలా పోతాయి. 911 అంకెలు, ఇంటి చిరునామా, "తెలుగు" అనే మాట, ఈ మూడు వారికి కంఠస్థం చేయించాలి. చాలాచోట్ల దుభాషిని కలిపే వీలుంటుంది.

మరొక జంకు కూడా మనకు ఉంది. స్త్రీ పడిపోతే ఆమె ఛాతీ మీద చెయ్యి వెయ్యడానికి సందేహిస్తాం. ఇది మన ఒక్కరి జబ్బు కాదు. బహిరంగ స్థలాలలో పడిపోయిన పురుషులలో నూటికి 45 మందికి దారిన పోయేవారి సాయం అందితే, స్త్రీలలో 39 మందికే అందిందని అమెరికాలో జరిగిన ఒక పరిశోధన తేల్చింది. ప్రాణం పోయే వేళ మర్యాద అంటే సాయపడడమే.

ఉగాదికొకసారి, దసరాకొకసారి

దక్షిణాసియా వారికి గుండె జబ్బులు ఇతరులకంటే ఎక్కువగా, చిన్న వయసులోనే వస్తున్నాయన్నది మన అందరికీ తెలిసిన చేదు నిజం. 1965 వలస చట్టం తర్వాత ఈ దేశానికి వచ్చిన తెలుగువారిలో వైద్యులు చాలామంది. ఇంత మంది వైద్యులున్న సమాజంలో ప్రతి ఇంటిలో ఒకరికైనా ఈ విద్య రాకపోవడానికి కారణం కనబడదు. మన మాతృభూమిలో కూడా దారి పడింది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ మొదలైంది. తర్వాత స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వైద్యులు వచ్చి అక్కడి పారామెడిక్‌లకు శిక్షణ ఇచ్చారు. 2017లో భారత మత్తుమందు వైద్యుల సంఘం, సామాన్యులు ఛాతీ అదిమితే చాలునంటూ మన దేశానికి తగిన సులువైన విధానాన్ని ప్రకటించింది.

మన సంఘాల మహాసభలలో సి.పి.ఆర్. శిక్షణలు పెట్టడం మంచి పనే. కాని రెండేళ్ళకొకసారి జరిగే సభలో నేర్చుకున్నది, పై అంకెల ప్రకారం, మరుసటి సభ దాకా నిలవదు. మన పంచాంగమే ఇందుకు ఉపాయం చెబుతున్నది. సంక్రాంతి జనవరిలో, ఉగాది మార్చి ఏప్రిల్‌లలో, వేసవి వనభోజనం జూలైలో, దసరా బతుకమ్మలు అక్టోబరు ప్రాంతంలో వస్తాయి. అంటే ఇంచుమించు మూడు నెలలకొకసారి మనం ఎలాగూ ఒకచోట చేరుతున్నాం. భోజనాల వరుస పక్కన ఒక బల్ల వేసి, రెండు బొమ్మలు పెట్టి, తెలిసినవారు ఒకరు నిలబడితే చాలు. ఉపన్యాసం అక్కరలేదు. ఒక్కొక్కరు రెండు నిమిషాలు అదిమి పళ్ళెం పట్టుకుని ముందుకు సాగవచ్చు. పిల్లలకు ఇది ఆటగా ఉంటుంది. పెద్దలకు సాధన అవుతుంది.

అక్కడ చేయవలసినది ఇంతే. పడిపోయిన మనిషిని భుజం తట్టి పిలవండి. పలకకపోతే, ఊపిరి లేకపోతే, లేదా అప్పుడప్పుడు ఎగశ్వాస మాత్రమే ఉంటే 911కు ఫోను చేసి స్పీకరు పెట్టి పక్కన ఉంచండి. మరొకరిని ఏ.ఇ.డి. పెట్టె తెమ్మనండి. రొమ్ము ఎముక దిగువ సగం మీద, ఛాతీ నడుమ, అరచేతి మడమ ఉంచి, దాని మీద రెండవ చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా రెండు అంగుళాల లోతుకు అదమండి. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అంటే సెకనుకు ఇంచుమించు రెండు. పెట్టె రాగానే తెరవండి. అది తానే మాట్లాడి చెబుతుంది. అలసిపోతే మరొకరికి అప్పగించండి.

ఇల్లు కాలుతుండగా బావి తవ్వడం మొదలుపెట్టినవాని సామెత మనకు తెలుసు. బావి ఒకసారి తవ్వితే చాలదు, ఏటా పూడిక కూడా తియ్యాలి. ఈ సంచికను చేతబట్టిన పాఠకులలో పదిమంది వైద్యులు, పదిమంది కార్యకర్తలు కలిసి తమ ఊరి సంఘంలో వచ్చే పండుగకే ఒక బల్ల వేయించండి. ఆ తర్వాతి పండుగకు ఆ బల్ల మళ్ళీ వెయ్యడం మరువకండి.